పోటు చూసి ఒడ్డెక్కే ఓడలు

విమానవాహక నౌక విరాట్ విశాఖకు రావాల్సింది. దాన్ని మ్యూజియంగా మారుస్తామని 2016లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది. ఆ మాట ముందుకు సాగలేదు. 2020 సెప్టెంబరులో విరాట్ గుజరాత్‌లోని అలంగ్ చేరింది, తుక్కు కింద.

ఓడల్ని విప్పడానికి అలంగే ఎందుకంటే అక్కడి పోటు అలాంటిది. అలంగ్ ఉన్న ఖంభాత్ సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. గరాటులో పోసినట్టు సముద్రం పైకి తన్నుకొస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకీ పోటుకీ మధ్య తేడా దాదాపు 10 మీటర్లు, అంటే మూడంతస్తుల మేడంత. పెద్ద పోటు రోజు చూసుకుని ఓడను నేరుగా ఒడ్డు మీదికి తోలేస్తారు. నీరు తీయగానే అది బురదలో కూర్చుంటుంది. నీరు తోడేసి ఓడను నిలబెట్టే డ్రైడాక్ ఖర్చు లేదు. 1983 నుంచీ ఇదే పద్ధతి.

నిజానికి ఓడను విప్పడం మంచి పనే. దాని బరువులో ఎక్కువ భాగం ఉక్కే. పలకల్ని చాలావరకు కరిగించకుండానే కాల్చి, సాగదీసి కడ్డీలు చేస్తారు. గనిలోంచి ఇనుప రాయి తవ్వి ఉక్కు చేయడంతో పోలిస్తే ఇది ఎంతో నయం. వంటగిన్నెలు, పరుపులు, కుర్చీలు కూడా రోడ్డు పక్క దుకాణాల్లో అమ్ముడైపోతాయి.

గొడవంతా మిగిలిన దానితోనే. పాత ఓడల గోడల్లో, పైపుల చుట్టూ ఆస్బెస్టాస్ ఉంటుంది. ట్యాంకుల అడుగున నూనె మడ్డి ఉంటుంది. అందులోంచి వచ్చే ఆవిరికి గ్యాస్ కట్టర్ నిప్పు తగిలితే పేలుడే. ఆ కట్టర్ పట్టుకునేది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వలస కూలీ. ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టొచ్చు. అప్పటికి అతను సొంతూళ్లో ఉంటాడు, యార్డు రిజిస్టర్లో ఉండడు.

మరి ఓడ యజమాని? ఓడను ఆఖరి ప్రయాణానికి ముందే దళారీకి నగదుకు అమ్మేసి ఉంటాడు. ఆ దళారీ దాని పేరు మార్చి, కొమొరోస్ లాంటి చిన్న దేశపు జెండా కట్టిస్తాడు. యూరప్ జెండా ఉన్న ఓడల్ని తాము ఆమోదించిన యార్డుల్లోనే విప్పాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. అయితే ఆ చట్టం చూసేది జెండాని. జెండా మార్చడమేమో ఒక రోజు కాగితాల పని! నాకైతే ఇది చట్టంలో లొసుగులా కాదు, వీధి గుమ్మంలా కనిపిస్తుంది.

ఓడల్ని సురక్షితంగా విప్పడం గురించి దేశాల మధ్య 2009లో కుదిరిన హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమల్లోకి వచ్చింది. ఓడలో ఏ ప్రమాదకర పదార్థం ఎక్కడుందో చెప్పే జాబితా ఇప్పుడు తప్పనిసరి. యార్డుకీ అనుమతి పత్రం ఉండాలి. ఆలస్యమైనా పనికొచ్చే మార్పే. కానీ ఓడను బురదలో నిలబెట్టి కోయడాన్ని ఆ ఒప్పందం నిషేధించలేదు. కోసేటప్పుడు రాలిన రంగు పొట్టు బురదలో పడుతుంది. ఆటు తర్వాత సుమారు ఆరు గంటలకు మళ్లీ పోటు వస్తుంది.