చిన్న వ్యవసాయ సంస్థల నిల్వ నిధి ఎందుకు నిండలేదు

చిత్తూరు జిల్లాలో వర్షాధార వేరుశనగ రైతుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థల్లో, లక్షల రూపాయలు చేతుల మీదుగా నడిచినా, ప్రాజెక్టు ముగియగానే ఆదుకునే నిల్వ నిధి లేక జీతాలకు కటకట మొదలవుతుంది. దీన్ని దుబారాగా తేల్చేయడం సులువు. కానీ కారణం ఎక్కువగా ఆ డబ్బు వచ్చిన తీరులోనే ఉంది.

కేంద్రం నియమించిన హనుమంతరావు కమిటీ సిఫారసులపై 1995లో అమలైన వాటర్‌షెడ్ (వాన నీరు ఒకే వాగులోకి చేరే పరీవాహక ప్రాంతం) అభివృద్ధి మార్గదర్శకాలు సంస్థలకు పెద్ద పని తెచ్చాయి. 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌కు హెక్టారుకు రూ.4,000 చొప్పున నాలుగేళ్లకు రూ.20 లక్షలు. అందులో 80 శాతం చెక్‌డ్యాములు, కందకాలు, గట్ల వంటి పనులకే పోయేది; నిర్వహణకు దక్కేది 10 శాతమే, అంటే ఏడాదికి రూ.50 వేలు. ఒక సంస్థ పది వాటర్‌షెడ్లు చేపట్టినా ఆ సొమ్ములోనే క్షేత్ర బృందం జీతాలూ ప్రయాణాలూ గడవాలి. రైతుల వాటా సొమ్ముతో గ్రామానికి అభివృద్ధి నిధి ఏర్పడింది, అది సబబే. పని నడిపిన సంస్థకు మాత్రం అలాంటి ఏర్పాటు లేదు.

2003లో కేంద్రం తెచ్చిన 'హరియాలీ' మార్గదర్శకాలు వాటర్‌షెడ్ పనుల బాధ్యతను పంచాయతీలకు అప్పగించడంతో చాలా సంస్థలకు ఆ ఆదాయం తగ్గిపోయింది. దాదాపు అదే సమయంలో ఆదాయపు పన్ను చట్టం, స్వచ్ఛంద సంస్థలు పన్ను మినహాయింపు పోకుండా, షరతులేమీ లేకుండా తమ ఆదాయంలో మిగుల్చుకోగల వాటాను 25 శాతం నుంచి 15కు తగ్గించింది. నిర్దిష్ట ప్రయోజనం చూపి పన్ను శాఖకు నిర్ణీత ఫారం దాఖలు చేస్తే అంతకు మించి కూడా ఐదేళ్ల వరకు దాచుకోవచ్చు. అయితే మిగులు చూపితే తప్పవుతుందన్న భయంతో మార్చి నెలాఖరుకు ఖాతా ఖాళీ చేసే అలవాటు అప్పటికే పాతుకుపోయింది.

విదేశీ విరాళాలను పెద్ద సంస్థల ద్వారా అందుకునే దారి 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) చేసిన సవరణతో మూసుకుపోయింది. ఒక సంస్థ మరో సంస్థకు ఆ నిధులు బదిలీ చేయడం నిషిద్ధమైంది, పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. ఇక మిగిలింది కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధి. అందులోనూ, సంస్థ శాశ్వతంగా దాచుకునే మూలధనానికి (కార్పస్) ఇచ్చే విరాళం 2021 జనవరి నుంచి సీఎస్‌ఆర్ ఖర్చుగా చెల్లదు.