స్టాంపు కాగితం నుంచి డిక్రీ దాకా

కావలి కోర్టు ఆవరణలో చెట్టు నీడన కూర్చున్న ఒక తల్లీ కూతుళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. తల్లి చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో నాలుగు మడతలు పెట్టి దాచిన వంద రూపాయల స్టాంపు కాగితాన్ని వకీలు ముందు పరిచింది. కింద ఐదుగురు పెద్దమనుషుల సంతకాలు ఉన్నాయి. అమ్మాయికి, ఆమె భర్తకు ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని, ఎవరికి వారు మారుమనువు చేసుకోవచ్చని అందులో రాసి ఉంది. అమ్మాయికి ఒంగోలు వైపు నుంచి సంబంధం వచ్చింది. వకీలు కాగితం మొత్తం చదివి, "అమ్మా, కోర్టు డిక్రీ ఏదమ్మా?" అని అడిగారు. విడాకులు మంజూరు చేస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వే డిక్రీ. ఆ మాట వినడం ఆ తల్లికి అదే మొదటిసారి.

ఆ అమ్మాయికి పిల్లలు లేరు. పెళ్లయిన ఏడాదిలోపే పుట్టింటికి వచ్చేసింది. బంగారం తిరిగి ఇచ్చేశారు, సామాను తెచ్చుకున్నారు, ఇరువైపులా తగువన్నదే లేదు. అయినా చట్టం లెక్కలో ఆమె ఇంకా ఆ ఇంటి కోడలే. ఆ స్థితిలో జరిగే రెండో పెళ్లి చెల్లదు సరికదా, నేరం కూడా అవుతుంది. ఇష్టపడి విడిపోయినవారికి ఇంత చిక్కు ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

"విడాకులు" అన్న మాటలోనే ఆకు ఉంది. పెద్దల ముందు ఆకు చించి విడిపోయే ఆచారం నుంచి ఆ మాట వచ్చిందని చెబుతారు. మన ప్రాంతంలో చాలా కులాలకు మారుమనువు కొత్త కాదు. కులపెద్దలు కూర్చుని, ఇచ్చిపుచ్చుకున్నవి తేల్చి, ఇద్దరినీ విడదీసేవారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఈ ఆచారాన్ని తుడిచిపెట్టలేదు. ఆచారం ప్రకారం వచ్చే విడాకుల హక్కును 29వ సెక్షన్ కాపాడింది. కానీ అలాంటి ఆచారం తమ కులంలో తరతరాలుగా ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. ఊళ్లో రాసుకున్న కాగితాలు చాలావరకు అక్కడే వీగిపోతాయి. పెద్దమనుషుల మంచితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. గొడవ లేకుండా లెక్కలు తేల్చిన ఘనత వారిదే. అయితే వారు రాసింది ఒప్పందం, విడాకులు కాదు.

రాతపూర్వక చట్టం మన జిల్లాలకు మిగతా దేశంలో చాలా చోట్ల కంటే ముందే వచ్చింది. నెల్లూరు, ఒంగోలు అప్పుడు మద్రాసు పాలనలో ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. హిందువులలో రెండో పెళ్లిని నిషేధించి, విడాకులకు వీలు కల్పిస్తూ మద్రాసు ప్రభుత్వం 1949లోనే చట్టం చేసింది. ఆరేళ్ల తర్వాత దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చి దాన్ని రద్దు చేసింది.

కానీ 1955 చట్టంలో పరస్పర అంగీకార విడాకులు లేవు. ఎదుటివారి తప్పు చూపిస్తేనే విడాకులు ఇచ్చేవారు. ఇద్దరికీ పొసగలేదు, ఎవరి తప్పూ లేదు అంటే కోర్టు వినేది కాదు. దాంతో మంచిగా విడిపోదామనుకున్నవారు కూడా ఒకరి మీద ఒకరు నిందలు రాసుకోవాల్సి వచ్చేది. ఒక ఆడపిల్ల నడవడిక మీద కోర్టు కాగితాల్లో పడిన మాట ఊళ్లో ఎన్నేళ్లు నిలుస్తుందో మనకు తెలుసు. విచిత్రమేమిటంటే, అంతకు ఏడాది ముందు వచ్చిన 1954 ప్రత్యేక వివాహ చట్టంలో పరస్పర అంగీకారం ఉంది. రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవారికి ఉన్న దారి పందిట్లో తాళి కట్టించుకున్నవారికి రెండు దశాబ్దాలకు పైగా లేదు.

చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 1974లో ఈ వివాహ చట్టాలపై తన 59వ నివేదికను ఇచ్చింది. 1976 మే 27న అమల్లోకి వచ్చిన సవరణతో హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకుల 13బి సెక్షన్ చేరింది. ఏడాదిపాటు విడిగా ఉండి, కలిసి బతకలేమని ఇద్దరూ ఒప్పుకుంటే కలిసి పిటిషన్ వేయవచ్చు. వకీళ్లు దీన్ని మొదటి మోషన్ అంటారు. ఆ పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, 18 నెలల లోపు ఇద్దరూ మళ్లీ కోరితే డిక్రీ వస్తుంది. అది రెండో మోషన్. మనసు మారితే కలిసిపోవడానికి ఈ ఆరు నెలలు పెట్టారు. ఆ ఆలోచనలో దయ ఉంది. అయితే ఏళ్ల క్రితమే విడిపోయి, కలిసే ఊహ కూడా లేనివారికి అది వట్టి నిరీక్షణే.

చాలామంది మోసపోయేది కూడా ఈ మధ్యకాలంలోనే. మొదటి మోషన్‌లో సంతకం పెట్టి, జడ్జి ముందు వాంగ్మూలం ఇచ్చి, పని అయిపోయిందనుకుంటారు. అంగీకారం డిక్రీ దాకా నిలవాలని, ఈలోపు ఒకరు వెనక్కి తగ్గితే విడాకులు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. అందుకే అనుభవమున్న వకీళ్లు ఇవ్వాల్సిన సొమ్ములో సగం మొదటి మోషన్ రోజున, మిగతా సగం రెండో మోషన్ రోజున డీడీ రూపంలో ఇప్పిస్తారు. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లలో ఉండటమే కాదని, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా లేకపోతే చాలని అదే తీర్పు వివరించింది.

ఆరు నెలల గడువు కచ్చితం కాదని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరు 12న తేల్చింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే ఆ గడువును మాఫీ చేయవచ్చని చెప్పింది. మాఫీ దరఖాస్తును మొదటి మోషన్ తర్వాత వారానికే వేసుకోవచ్చు. సరైన కారణముంటే వీడియో ద్వారా హాజరు కావచ్చని, తల్లిదండ్రులో తోబుట్టువులో తరఫున రావచ్చని కూడా ఆ తీర్పులో ఉంది. కొడుకు అమెరికాలో, కోడలు బెంగళూరులో ఉన్న మన కుటుంబాలకు ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. 2021 డిసెంబరులో మరో కేసు వచ్చింది. పెళ్లయిన మూడు రోజులకే విడిపోయిన ఇద్దరు ఉన్నతాధికారులకు కింది కోర్టు మాఫీ నిరాకరించింది. 2017లో చెప్పిన అంశాలు ఉదాహరణలే, వాటితో కట్టుబడిపోనక్కర్లేదని చెప్పి సుప్రీంకోర్టు వారిని వెంటనే విడిపించింది.

పిల్లలు లేనివారికి చట్టంలో వేరే సెక్షన్ లేదు. అయితే ఎవరి దగ్గర పెరగాలి, చూడటానికి ఎప్పుడు రావాలి, చదువు ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలే ఉండవు. మిగిలేది భరణం, స్త్రీధనం, పెట్టిపోతలు, ఉంటే పోలీసు కేసులు. ఇవన్నీ పిటిషన్‌లోనే స్పష్టంగా రాసుకోవాలి. కావలిలో ఆ వకీలు ఆ స్టాంపు కాగితాన్ని పారేయలేదు. బంగారం ముట్టిందని, ఇద్దరూ ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారో అందులో ఉంది కాబట్టి పిటిషన్‌కు జతచేశారు.

క్రైస్తవ కుటుంబాలకు ఇంకా ఆలస్యమైంది. 1869 నాటి చట్టంలో పరస్పర అంగీకారం చేరింది 2001లోనే, అదీ రెండేళ్లు విడిగా ఉండాలన్న షరతుతో. ఒంగోలు చుట్టుపక్కల చర్చిలో పెళ్లి జరిగి, కుల ధ్రువపత్రంలో మతం వేరుగా ఉన్నవారు ఏ చట్టం కింద వెళ్లాలో ముందుగా వకీలును అడగాలి.

హిందూ వివాహ పిటిషన్‌ను మన కోర్టుల్లో హెచ్‌ఎంఓపీ అంటారు. పెళ్లి జరిగిన చోట, చివరిగా కలిసి ఉన్న చోట వేయవచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు. కుటుంబ కోర్టులు కావాలని 1953లోనే నెహ్రూకు సూచించినది మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. వాటికి చట్టం 1984లో వచ్చింది. కుటుంబ కోర్టు లేని పట్టణాల్లో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులు ఈ కేసులు వింటాయి.

డిక్రీ ప్రతిని ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. ఒకప్పుడు డిక్రీ వచ్చాక కూడా ఏడాది ఆగి గానీ మళ్లీ పెళ్లి చేసుకోకూడదనే నిబంధన ఉండేది. 1976 సవరణ దాన్ని తీసేసింది. కావలి అమ్మాయి, ఆమె భర్త విడిపోయి అప్పటికే నాలుగేళ్లు. ఆరు నెలల మాఫీకి కూడా దరఖాస్తు వేద్దామని వకీలు చెప్పారు. ఒంగోలు వారిని కొన్నాళ్లు ఆగమని అడగడానికి తల్లి అక్కడే ఫోను తీసింది.