నోటి పుండుకు ముక్క పరీక్ష: ఖైనీ, గుట్కా వాడేవారి అపోహలు – వాస్తవాలు

"మందేదైనా రాసివ్వండి సార్, ముక్క మాత్రం కొయ్యొద్దు." బుగ్గలో పుండుతో ఓపీకి వచ్చే ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే అనే మాట ఇది. వెంట వచ్చిన బావమరిది ఇంకోటి కలుపుతాడు: "మా ఊళ్ళో ఒకాయనకి ఇలాగే కోశారు. మూణ్ణెల్లు కూడా బతకలేదు." ముక్క పరీక్ష అంటే బయాప్సీ: పుండులోంచి చిన్న ముక్క తీసి, అది క్యాన్సరా కాదా అని చూడటం.

అపోహ: కత్తి తగిలితే పుండు పాకుతుంది

పాకదు. ఇలాంటి ఊరి కథలన్నిటికీ తొలి సగం ఒకటే, దాన్నెవరూ చెప్పరు. ఆ మనిషి పుండు పుట్టిన నెలలో ఆసుపత్రికి రాడు. కొన్నాళ్ళు పసరు పూస్తాడు. తర్వాత మందుల షాపులో బి-కాంప్లెక్స్ మాత్రలు, పుండు మీద రాసే జెల్ కొనుక్కుంటాడు. ఆ జెల్ మంటను చంపుతుంది, పుండును కాదు. మెడలో గడ్డ తేలాక, దవడ ఎముకలోకి జబ్బు దిగాక వస్తాడు. అప్పుడు ముక్క తీస్తారు. జబ్బు అప్పటికే పట్టిన దారిన అది పోతుంది. చూసినవాళ్ళకి గుర్తుండేది కత్తి ఒక్కటే.

ముక్క పరీక్షలో నిజంగా జరిగేది ఇదీ. పుండు పక్కన మత్తు సూది వేస్తారు, చీమ కుట్టినట్టుంటుంది. రెండు మూడు నిమిషాలకు బుగ్గ మొద్దుబారుతుంది. పుండు నడిమధ్య నుంచి తీయరు, అక్కడ చచ్చిన కణాలే ఎక్కువ, రిపోర్టు తేలదు. అంచున, కాస్త మంచి చర్మం కూడా కలిసొచ్చేలా, పెసర గింజ కంటే కొంచెం పెద్ద ముక్క తీసి, అది చెడకుండా ఫార్మలిన్ ద్రవమున్న సీసాలో వేస్తారు. ఒకటి రెండు కుట్లు, అరగంట దూది ఒత్తిపట్టడం, అంతే. అన్నం తినే రండి, పరగడుపున అక్కర్లేదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. నాలుగైదు రోజులు కారం, వేడి వద్దు.

రిపోర్టులో 'డిస్‌ప్లేసియా' అని ఉంటే అది క్యాన్సర్ కాదు, కణాలు దారి తప్పడం మొదలైందని అర్థం. ముక్క తీయించుకున్నందుకు దక్కే అసలు లాభం అదే, అక్కడే ఆపొచ్చు. క్యాన్సర్ లేదని వచ్చినా పుండు మానకపోతే మళ్ళీ ముక్క తీయాల్సిందే. "ఒకసారి చూశారుగా" అని ఊరుకోకండి.

ఆలస్యానికి ధర ఎంతో చూడండి. పుండు రెండు సెంటీమీటర్ల లోపు, లోతు లేకుండా ఉంటే చాలామందికి ఆపరేషన్‌తో సరిపోతుంది. ఎముకకూ మెడ గ్రంథులకూ చేరితే దవడలో కొంత భాగం తీసేయాలి, మెడ గ్రంథులు తీయాలి, తొడ నుంచో ఛాతీ నుంచో కండ తెచ్చి ఖాళీ పూడ్చాలి. ఆ పైన వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఆరు వారాలు రేడియేషన్. పెసర గింజంత ముక్కకు భయపడి తెచ్చుకునేది ఇదీ.

అపోహ: నొప్పి లేదు కాబట్టి భయం లేదు

తొలిదశలో నోటి క్యాన్సర్‌కు చాలాసార్లు నొప్పే ఉండదు. నొప్పి పెట్టేది మామూలు నోటిపూత, అది వారం పది రోజుల్లో మానుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్ల మచ్చ, అంతకంటే ముఖ్యంగా ఎర్ర మచ్చ ఉంటే చూపించుకోండి. ఖైనీ పెట్టుకునే చోటే, అంటే కింది పెదవినీ బుగ్గనీ లాగితే చిగురుతో కలిసే సందులోనే ముందు వెతకండి. ఖైనీలో కలిపే సున్నం ఒరిపిడికి చర్మం దెబ్బతింటుంది, నికోటిన్ వేగంగా ఒంట్లోకి దిగుతుంది. పొగాకులోని నైట్రోసమైన్లు, అంటే క్యాన్సర్ తెచ్చే రసాయనాలు, రోజూ అక్కడే ఊరుతుంటాయి. వాడిగా ఉన్న పన్ను గీరుకుంటోందనిపిస్తే దాన్ని నున్నగా అరగదీయించి రెండు వారాలు చూడండి. అంతకుమించి ఆగొద్దు.

అపోహ: పాన్ మసాలాలో పొగాకు లేదు, ఏం కాదు

వక్క ఉందిగా. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. పైగా వక్క బుగ్గ లోపలి చర్మాన్ని తోలులా బిగించేస్తుంది. ముందు కారం తగిలితే మంట, తర్వాత బుగ్గ పాలిపోవడం, ఆ తర్వాత నోరు తెరుచుకోకపోవడం. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్ళు ఒకదాని కిందొకటి నిలువుగా పెట్టి ముందు పళ్ళ మధ్య పట్టించి చూడండి. రెండే పడితే వక్క ఇవాళే మానండి. బిగిసింది పూర్తిగా వదలదు, మానితే ముదరడం మాత్రం నెమ్మదిస్తుంది. గుట్కా నిషేధం వచ్చాక పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా (పొగాకు) ఇంకో పొట్లం అమ్ముతున్నారు. కలుపుకుంటే గుట్కానే.

మిగతావి

ఉమ్మేస్తే ఏం కాదంటారు. నికోటిన్ ఎక్కేది బుగ్గ చర్మం నుంచి, ఉమ్మేలోపే ఎక్కేస్తుంది. పొగాకు పొడితో పళ్ళు గట్టిపడతాయంటారు. చిగురు కిందికి జారుతుంది, వేరు బయటపడుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి కాస్త నమిలితే వికారం తగ్గుతుందంటారు. బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం పెరుగుతుంది.

అపోహ: ఒక్కసారిగా మానేస్తే ఒంటికి పడదు

చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి వస్తాయి. అవి రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. పొగాకు మానాలనుకునేవారి సహాయ నంబరు 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. పొగాకు యావ తగ్గించే నికోటిన్ గమ్ కొంటే బబుల్ గమ్‌లా నమలకండి, ఎక్కిళ్ళు, వికారం వస్తాయి. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గ సందులో ఆపి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలండి. ఒక్కోటి అరగంట. దానికి ముందు పావుగంట టీ, కాఫీ వద్దు. నోట్లో పుండున్నా, నోరు సరిగా తెరుచుకోకపోయినా గమ్ బదులు చర్మం మీద అతికించే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి. మచ్చ మాత్రమే ఉంటే గమ్‌ను అది లేని వైపు బుగ్గలో పెట్టుకోండి.