ఆర్వీలో చలికాలం: వెచ్చని చోటు గురించి నేను రోజూ వినే అపోహలు

డాలస్ దగ్గర నాకు రెండు ఆర్వీలున్నాయి. మంచాలు, పొయ్యి, బాత్రూం అన్నీ ఉన్న బండ్లు, అద్దెకిస్తాను. నవంబరు రాగానే ఫోన్లు మొదలవుతాయి. "అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారండీ, క్రిస్మస్ సెలవులకి ఎక్కడికైనా వెచ్చని చోటికి తీసుకెళ్దామని." చోటు కూడా వాళ్లే అనుకుని ఉంటారు. చాలాసార్లు అది వెచ్చగా ఉండదు.

అపోహ: అరిజోనా ఎడారి కదా, చలేముంటుంది?

వాస్తవం: అక్కడ ముందు చూడాల్సింది ఊరి ఎత్తు. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంది. ఫ్లాగ్‌స్టాఫ్, గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగులు. వెయ్యి అడుగులు ఎక్కితే మూడు నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. అందుకే జనవరిలో ఫీనిక్స్‌లో పగలు చొక్కాతో తిరిగినవాళ్లు, ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తే మంచు తవ్వుకోవాలి.

ఫీనిక్స్, టూసాన్ లాంటి చోట్ల కూడా పగటి ఎండని నమ్మకండి. పొడి గాలి, మబ్బుండదు, పొద్దు వాలగానే నేల వేడంతా పైకి పోతుంది. నేను రాత్రి కనిష్ఠమే చూస్తాను, ఎందుకంటే ఆర్వీ గోడలు పల్చన, నీళ్ల హోస్ బయట. నా మొదటి చలికాలం టూసాన్ దగ్గర హోస్ కుళాయికి తగిలించే పడుకున్నాను. తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోయింది. మా నాన్నగారు నోట్లో బ్రష్‌తో నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడైతే రాత్రి 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే నీళ్లు గడ్డకట్టే చలికి దగ్గరపడుతుందంటే, సాయంత్రమే ట్యాంకు నింపుకుని హోస్ విప్పేస్తాను.

అపోహ: కరెంటు హుక్అప్ (ఆర్వీ ఆపే చోట బండికి తగిలించుకునే కనెక్షన్) ఉంటే హీటర్లు పెట్టుకోవచ్చు

వాస్తవం: 30 ఆంప్స్ కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. 1,500 వాట్ల హీటర్లు రెండు పెట్టాక మిగిలేది 600. ఆ పైన ఇండక్షన్ స్టవ్ మీద సాంబారు పెట్టారంటే బ్రేకర్ పడిపోతుంది. ప్రొపేన్ ఫర్నేస్ ఉందిగా అంటారు. దాని ఫ్యాను నడిచేది బ్యాటరీ మీద. హుక్అప్ లేని చోట అర్ధరాత్రి బ్యాటరీ అయిపోతే, సిలిండర్ నిండా గ్యాసున్నా వేడి రాదు.

అపోహ: ఎడారిలో ఎక్కడ ఆపుకున్నా ఉచితం

వాస్తవం: బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ శాఖ చూసే భూముల్లో మామూలుగా ఒకచోట 14 రోజులే. క్వార్ట్‌జ్‌సైట్ దగ్గరి లా పోసా అనే బీఎల్ఎం స్థలంలో (ఇదీ అరిజోనాలోనే) సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్‌తో ఉండొచ్చు, కానీ హుక్అప్‌లుండవు. పెద్దవాళ్లతో వద్దనే చెప్తాను.

అపోహ: దక్షిణ టెక్సాస్‌కి, ఫ్లోరిడాకి చలి రాదు

వాస్తవం: తరచూ రాదు, అంతే. 2021 ఫిబ్రవరి తుపానులో బ్రౌన్స్‌విల్ కూడా గడ్డకట్టింది, కరెంటూ పోయింది. ఫ్లోరిడాలో ఉత్తరం వేరు, కీస్ దీవులు వేరు. కీ వెస్ట్‌లో మంచు పేరుకున్నట్టు రికార్డే లేదు. అయితే ఫ్లోరిడా స్టేట్ పార్కుల్లో చోటుకి బుకింగ్ ఆ రాష్ట్రంవాళ్లకి 11 నెలల ముందు, మనకి 10 నెలల ముందు తెరుస్తారు. డిసెంబరు ట్రిప్పుకి నవంబరులో వెతికితే దొరకడం కష్టం.

అపోహ: చేరే ఊరు వెచ్చగా ఉంటే చాలు

వాస్తవం: డాలస్ నుంచి ఫీనిక్స్‌కి ఐ-40 హైవే పట్టుకుంటే అమరిల్లో, ఆల్బుకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్, అన్నీ ఎత్తే. రోడ్డు మీద ఐసు పడితే ఆర్వీ నడపడం నాకే టెన్షన్. ఐ-20, ఐ-10 మీదుగా వెళ్లండి. వారమే సెలవుంటే అదీ వద్దు, దక్షిణ టెక్సాస్ తీరంలోని సౌత్ పాడ్రే వైపు దిగండి. దారిలో కొండలుండవు, అమ్మావాళ్లకి సముద్రమూ కనిపిస్తుంది.