ఒకే మీట మీద శ్రుతీ లయా

చెన్నై వేళచ్చేరిలో మా పిన్ని కింది గదిలో పిల్లలకు సంగీతం చెబుతుంది. మేడ మీద గదిలో ఆవిడ కొడుకు టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం ట్రాకులు కలుపుతుంటాడు. మొన్న నేను పైన కూర్చుని ఉండగా పిన్ని మెట్ల దగ్గర్నుంచే కేకేసింది: "ఒరేయ్, ఆ రెండోది శ్రుతి కలవలేదురా!" వాడు చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ తీసి, "నిజమే అక్కా, వేగం కలిపేసరికి శ్రుతి జారిపోయింది" అని నాతో అన్నాడు.

వేగం సంగతి ముందు చూద్దాం. నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయో అదే బీపీఎం. ఒక ట్రాకు 130, ఇంకోటి 130.1 అనుకోండి. ఆ మాత్రం తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ నిమిషం తిరిగేసరికి రెండో ట్రాకు దెబ్బ 46 మిల్లీసెకన్లు ముందుకొచ్చేస్తుంది. ఒక్క "ధమ్" పడాల్సిన చోట "ధ-ధమ్" అని రెండు వినిపిస్తాయి. టెక్నోలో రెండు ట్రాకుల్ని నిమిషాల తరబడి ఒకదాని మీద ఒకటి నడిపిస్తారు కాబట్టి ఇది దాగదు.

మా వాడు రికార్డులు తిరిగే టర్న్‌టేబుల్ మీదే సాధన చేస్తాడు. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 నమూనాలో, వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికీ తగ్గించడానికీ పక్కన ఒక మీట ఉంటుంది. రికార్డు నెమ్మదిస్తే దెబ్బల మధ్య ఎడం పెరుగుతుంది, దాంతోపాటే ప్రతి స్వరం కంపనాలూ తగ్గుతాయి. సంగీతం నేర్చుకునేవాళ్ళకి శ్రుతి తల్లి, లయ తండ్రి అని చెబుతారు. ఆ మీట మీద వాళ్ళిద్దరినీ విడదీయలేం.

ఆ రోజు జరిగిందీ అదే. రెండు ట్రాకులూ ఒకే కీలో, అంటే ఎ మైనర్ అనే ఒకే స్వరాల వరసలో ఉన్నాయి. వేగం ఒకటి 128, ఇంకోటి 135. రెండోదాన్ని 128కి దించాడు. దాని బేస్‌లో 55 హెర్ట్జ్, అంటే సెకనుకు 55 కంపనాలు ఉండాల్సిన స్వరం 52కి దిగింది, అంటే ఇంచుమించు అరస్వరం. 55, 52 కలిసి మోగితే ఆ తేడా లెక్కన సెకనుకు మూడుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. కిక్, అంటే ఆ డ్రమ్ము దెబ్బ, పడేది సెకనుకు రెండుసార్లకు కాస్త ఎక్కువ. రెండు ఊగిసలాటలూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. స్పీకరు మీద చెయ్యి పెడితే ఆ కుదుపు అరచేతికి తెలిసింది.

దీనికి మందు లెక్కలోనే ఉంది. అరస్వరమంటే సుమారు 6 శాతం. ఎ మైనర్‌కి అరస్వరం పైన, 135.6లో ఉన్న ట్రాకుని 128కి దించితే అది తిన్నగా ఎ మైనర్‌లోకి దిగుతుంది. మీట జార్చే శ్రుతినే పనికి వాడుకోవడమన్నమాట. కంప్యూటర్‌లో అయితే కీ లాక్ ఉంది. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒకదాని అంచు మీద ఇంకోటి పేర్చి, శ్రుతి మారకుండా నిడివి మారుస్తుంది. మరీ ఎక్కువ లాగితే కిక్ మొదటి దెబ్బ పదును పోతుంది, అది నాకు నచ్చదు.

ఏ కీ పక్కన ఏది నప్పుతుందో చూసుకోవడానికి గడియారం ముఖంలాంటి క్యామెలాట్ చక్రం వాడతారు. పక్కపక్క అంకెల మధ్య ఉన్నది షడ్జమ పంచమాల సంబంధమే, అందుకే ఏడు స్వరాల్లో ఆరు ఉమ్మడిగా ఉంటాయి. ఒకే అంకె మీదున్న సి మేజర్, ఎ మైనర్‌లకు ఏడూ ఉమ్మడే. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జమం చేసుకుంటే నటభైరవి వస్తుందని పిన్ని చెప్పే గ్రహభేదం ఇదే. అయితే కిక్కూ రొదా తప్ప రాగమే లేని ట్రాకుకి సాఫ్ట్‌వేర్ ఇచ్చే కీని నమ్మకూడదు. అక్కడ చెవే దిక్కు.

సాయంత్రం వాడు ఇంకోటి చేసి చూపించాడు. 130 బీపీఎం కిక్ వేగాన్ని కంప్యూటర్‌లో రెట్టింపు చేస్తూ పోయాడు. మూడోసారికి గిలక్కాయ శబ్దం, ఆరోసారికి అంటే 64 రెట్లకి దెబ్బలన్నీ కలిసిపోయి ఒకే నాదం, 138.67 హెర్ట్జ్. పిన్ని ఎలక్ట్రానిక్ తంబూరా తెచ్చి ఒకటిన్నర శ్రుతిలో పెట్టింది. దాని షడ్జమం 138.59. రెండూ కలిపి మోగించాం. పదమూడు సెకన్లకోసారి ఒక మెల్లని అల లేచి తగ్గుతోంది, అంతే.