బొగ్గు గనిలో పేలుడు మందు: పరీక్ష 1909లో, చట్టం 1969లో

అమెరికా బొగ్గు గనులు 1907లో మూడు వేల మందికి పైగా కార్మికులను పొట్టన పెట్టుకున్నాయి. డిసెంబరు మరీ ఘోరం. 6న వెస్ట్ వర్జీనియాలోని మోనంగాలో అధికారిక లెక్క ప్రకారమే 362 మంది, 19న పెన్సిల్వేనియాలోని డార్ గనిలో 239 మంది పేలుళ్లకు బలయ్యారు.

అప్పట్లో బొగ్గు పగలగొట్టడానికి ఎక్కువగా వాడింది తుపాకి మందే. దాని మంట పొడుగ్గా సాగుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. గని గాలిలో మండే వాయువైన మీథేన్ 5 నుంచి 15 శాతం దాకా ఉంటే పేలుడుకు ఆ మంట చాలు. లేచిన బొగ్గు ధూళి మిగతా పని చూసుకుంటుంది. అయితే మీథేన్ వేడి తగిలిన తక్షణమే అంటుకోదు, కాస్త వ్యవధి తీసుకుంటుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మలార్, లె షాటెలియే 1880లలోనే ఈ సంగతి పట్టుకున్నారు. ఆలోపే ఆరిపోయే మంట కావాలి. అమ్మోనియం నైట్రేట్ మందులూ, మంటను చల్లార్చడానికి వాటిలో కలిపే మామూలు ఉప్పూ ఆ దారిలో వచ్చినవే.

1908 చివర్లో పిట్స్‌బర్గ్‌లో ప్రభుత్వ పరీక్షా కేంద్రం తెరిచారు. వంద అడుగుల పొడవు, మనిషి నిటారుగా నడవగలిగినంత ఉక్కు గొట్టం. ఒక చివర ఫిరంగి. దానిలో మందు కూరి, ఒక పౌను మట్టి దట్టించి, గొట్టంలో మొదటి 20 అడుగులు కాగితపు తెరతో మూసి, 8 శాతం మండే వాయువు కలిసిన గాలిలోకి పేల్చేవారు. అలా పదిసార్లు. ఒక్కసారి అంటుకున్నా ఆ మందు తప్పినట్టే. 1909 మేలో తొలి జాబితా వెలువడింది. నెగ్గిన మందుకూ షరతులు తప్పలేదు: రంధ్రానికి ఒకటిన్నర పౌన్లు మించకూడదు, మట్టి దట్టించకుండా పేల్చకూడదు.

జాబితా అయితే వచ్చింది. కానీ చాలా గనుల్లో మందు కార్మికుడే కూలి డబ్బుతో కొనుక్కోవాలి. చాలాచోట్ల జల్లెడ మీద నిలిచిన గడ్డలకే కూలి. కొత్త మందు బొగ్గును నుగ్గు చేస్తుందని పేరు పడింది. తుపాకి మందు చవక, పైగా గడ్డలు గడ్డలుగా విరుస్తుంది. ఇంట్లో పిల్లలున్నవాడు దేన్ని కొంటాడు? నిర్లక్ష్యమని కార్మికుణ్ణి తిట్టడం తేలిక, కూలి లెక్క మార్చడమే ఎవరికీ ఇష్టం లేకపోయింది. 1910లో ఏర్పడిన గనుల బ్యూరోకు మందును పరీక్షించే పని ఇచ్చారు గానీ, గనిలో దిగి తనిఖీ చేసే హక్కు 1941 దాకా ఇవ్వలేదు. 1968 నవంబరులో, మోనంగాకు కొద్ది మైళ్ల దూరంలోని ఫార్మింగ్టన్‌లో 78 మంది పోయాక వచ్చిన 1969 చట్టం భూగర్భ బొగ్గు గనుల్లో తుపాకి మందును పూర్తిగా నిషేధించింది.

మన దేశంలో గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ అనుమతించిన మందులకు పీ-1, పీ-3, పీ-5 వంటి తరగతులున్నాయి. సింగరేణి భూగర్భ గనుల్లో షాట్‌ఫైరర్లకు, అంటే మందు పేల్చేవాళ్లకు, బాగా తెలిసింది పీ-5. బొగ్గు పొరను ముందుగా కోయకుండా నేరుగా పేల్చేచోట, ముందు పేలిన రంధ్రం పక్క రంధ్రంలోని మందును బయటపెట్టేయవచ్చు. అప్పుడు దాన్ని కప్పి ఉంచే బొగ్గూ ఉండదు, మట్టీ ఉండదు. పీ-5కు పెట్టే పరీక్ష మరింత కఠినంగా ఉండేది అందుకే.