‘ఏంజెలస్’ వేలం నుంచి 53ఏ సెక్షన్ దాకా

ఎం.ఎఫ్. హుసేన్ గీసిన ‘గ్రామ్ యాత్ర’ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో 1.37 కోట్ల డాలర్లు పలికింది. ఇలాంటి ధర వచ్చిన ప్రతిసారీ అదే తగవు: గీసినవాళ్లకు, వాళ్ల వారసులకు అందులో వాటా ఉండాలా? అమెరికా ఫెడరల్ చట్టంలో లేదు. ఫ్రాన్స్‌లో ఉంది. ఎందుకుందో తెలియాలంటే 1889 జులై 1 నాటి పారిస్ వేలం చూడాలి.

ఆ వేలంలో పాట పాడింది ఫ్రెంచ్ చిత్రకారుడు ఝాఁ-ఫ్రాన్స్వా మిలే బొమ్మకు. బార్బిజోన్ పల్లెలో ఆయన బతుకు, రైతుల బొమ్మలు తెలిసినవే. ఆయన ‘ఏంజెలస్’ చిత్రం లెక్క మాత్రం తీరిగ్గా చూడాలి. గుడిగంట విని బంగాళాదుంపల చేలో తలవంచి నిలబడ్డ ఇద్దరు, కొలత 55.5 × 66 సెంటీమీటర్లు. గీయమన్న అమెరికన్ థామస్ ఆపిల్టన్ తీసుకెళ్లలేదు. 1860లో మిలే 1,000 ఫ్రాంకులకు అమ్మేశాడు, 1875లో పోయాడు. రాగి వ్యాపారంలో దివాలా తీసిన సెక్రెతాఁ సేకరణను 1889లో వేలం వేస్తే, అదే బొమ్మకు పాట 5,53,000 ఫ్రాంకులకు చేరింది. ప్రభుత్వం కోసం పాడిన ఆంతొనాఁ ప్రూస్త్ గెలిచినా పార్లమెంటు డబ్బు ఇవ్వలేదు. బొమ్మ అమెరికా వెళ్లింది. మరుసటి ఏడాది పారిస్ వర్తకుడు షోషార్ ఏడు లక్షల ఫ్రాంకులకు పైగా పోసి వెనక్కి తెచ్చాడు. మిలే వారసులకు చట్టప్రకారం ఒక్క ఫ్రాంకూ రాలేదు.

1893లో న్యాయవాది ఆల్బెర్ వోనువా మలి అమ్మకంలో, అంటే ఒకసారి అమ్మిన బొమ్మ మళ్లీ అమ్ముడైనప్పుడు, చిత్రకారుడికి వాటా కావాలని రాశాడు. 1920 మే 20న ఫ్రాన్స్‌లో చట్టం వచ్చింది: బహిరంగ వేలాలకే, 1 నుంచి 3 శాతం. నేటి యూరప్ లెక్కలో సాధారణంగా తొలి 50,000 యూరోలపై 4 శాతం, అయిదు లక్షలు దాటిన భాగంపై 0.25 శాతం, ధర ఎంతైనా వాటా 12,500 యూరోలు మించదు. నష్టమొస్తే చిత్రకారుడు పంచుకోడు కదా అని వ్యాపారులంటారు. ఇంత చిన్న వాటాను ఆపడానికి అంత పెద్ద వాదన అక్కర్లేదు.

మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో 53ఏ చేరింది. మలి అమ్మకం ధర 10,000 రూపాయలు దాటితే 10 శాతం దాకా వాటా అడగొచ్చు. కానీ శాతం ఎంతో చట్టంలో రాసి లేదు, ఎప్పటికప్పుడు తేల్పించుకోవాలి. ప్రైవేటుగా చేతులు మారితే ధరే బయటికి రాదు. అసలు చిక్కు వేరే ఉంది: డబ్బిచ్చి గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం తొలి కాపీరైట్ గీయించుకున్నవాళ్లది. కాపీరైట్ మొదట చిత్రకారుడిదైతేనే 53ఏ వర్తిస్తుంది. ఆపిల్టన్ డబ్బు కట్టి పట్టుకెళ్లి ఉంటే, మన చట్టం కింద కూడా మిలే పిల్లలకు సున్నాయే. ఆర్డరు మీద గీసేవాళ్లు, అడ్వాన్సు పుచ్చుకునే ముందే, కాపీరైట్ తమదేనని కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి.